స్లీపా, హైబర్నేటా? మూత వేసే ముందు మీ కంప్యూటర్‌కు చెప్పాల్సినవి

రాత్రి 90 శాతం ఛార్జింగ్‌తో మూత వేసిన ల్యాప్‌టాప్ పొద్దున తెరిచేసరికి ఎందుకు ఖాళీ అయింది? స్లీప్‌లో పెట్టి భోజనానికి వెళ్తే కరెంటు పోయి రాసిందంతా ఎందుకు పోయింది? అసలు రోజూ షట్‌డౌన్ చేయాలా? ఈ మూడింట్లో ఏదో ఒకటి నన్ను అడగని వారం ఉండదు. మూడింటికీ మూలం ఒకటే. మనం లేచి వెళ్లినప్పుడు ఏం చేయాలో మెషీన్‌కు మనం చెప్పలేదు. కంపెనీ పెట్టి పంపిన సెట్టింగే ఇప్పటికీ నడుస్తోంది.

విండోస్ 10, 11 వాడేవారి కోసం వరుసగా రాస్తున్నాను. మ్యాక్, లినక్స్ సంగతి చివర్లో ఉంది. ఒక అరగంట, ఒక రాత్రి పెట్టుకుంటే పని అయిపోతుంది. రాత్రి ఎందుకో మూడో అంకెలో తెలుస్తుంది.

1. ముందు తేడా తెలుసుకోండి

మీరు తెరిచిన ఫైళ్లు, బ్రౌజర్ ట్యాబులు, సగం రాసిన మెయిల్ అన్నీ ర్యామ్‌లో, అంటే మెషీన్ తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటాయి. ర్యామ్‌కు కరెంటు ఆగిన మరుక్షణం అందులో ఉన్నదంతా పోతుంది.

స్లీప్‌లో తెర, డిస్క్, ఫ్యాన్ ఆగుతాయి గానీ ర్యామ్‌కు కొద్దిగా కరెంటు అందుతూనే ఉంటుంది. అందుకే రెండు మూడు సెకన్లలో లేస్తుంది. అందుకే బ్యాటరీ తింటుంది కూడా.

హైబర్నేట్‌లో ర్యామ్‌లో ఉన్నదాన్ని సీ డ్రైవ్‌లోని ఒక దాచిన ఫైల్‌లోకి రాసేసి మెషీన్ పూర్తిగా ఆగిపోతుంది. బ్యాటరీ మొత్తం అయిపోయినా, ప్లగ్ పీకేసినా మీ పని డిస్క్‌లో భద్రంగా ఉంటుంది. ఆన్ చేస్తే ఎస్ఎస్‌డీ (కదిలే భాగాలు లేని కొత్తరకం డిస్క్) ఉన్నచోట దాదాపు పది, ఇరవై సెకన్లలో వదిలిన చోటే తెరుచుకుంటుంది. పాత హార్డ్ డిస్క్ అయితే నిమిషం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఒక అపోహ ఇక్కడే తీర్చేస్తాను. స్లీప్‌లో పెట్టినా డౌన్‌లోడ్ నడుస్తుందని చాలామంది అనుకుంటారు. నడుస్తుందని నమ్ముకోకండి. పెద్ద ఫైల్ దిగాల్సి ఉంటే తెర మాత్రం ఆరిపోయేలా పెట్టి, స్లీప్‌ను ఆపి ఉంచండి.

2. మీ మెషీన్ ఏ రకం స్లీప్ చేస్తుందో చూడండి

అన్ని ల్యాప్‌టాప్‌ల స్లీప్ ఒకటి కాదు. పాత పద్ధతిని ఎస్3 అంటారు. అందులో ర్యామ్ తప్ప దాదాపు అన్నీ ఆగిపోతాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించేది మోడర్న్ స్టాండ్‌బై. అది ఫోన్ లాంటిది. తెర ఆరి ఉన్నా లోపల మేలుకునే అవకాశం ఉంటుంది, నెట్‌కు కలిసి ఉండొచ్చు కూడా. బ్యాగులో వేడెక్కే కేసులు నా దగ్గరికి వచ్చినంతవరకు ఎక్కువగా ఈ రకానివే.

మీది ఏదో తెలియాలంటే స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి, టెర్మినల్ అడ్మిన్ తెరవండి. విండోస్ 10లో అయితే పవర్‌షెల్ అడ్మిన్ ఉంటుంది. ఈ ఆదేశం ఇవ్వండి:

పవర్‌సీఎఫ్‌జీ /ఏ

దీన్ని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. పవర్ స్పెల్లింగ్, దానికి అతికించి సీ, ఎఫ్, జీ అక్షరాలు, తర్వాత ఒక స్పేస్, స్లాష్ గుర్తు, ఏ అక్షరం. ఇక ముందు వచ్చే ఆదేశాలన్నీ ఇదే మాటతో మొదలవుతాయి.

వచ్చిన జాబితా పై భాగంలో మీ మెషీన్ చేయగలిగినవి, కింది భాగంలో చేయలేనివి, ఎందుకు చేయలేదో కారణంతో సహా ఉంటాయి. చూడాల్సినవి:

- పై భాగంలో స్టాండ్‌బై ఎస్3 ఉంటే పాత రకం. స్లీప్‌ను కాస్త నమ్మొచ్చు.
- ఎస్0 లో-పవర్ ఐడిల్ (ఇక్కడ లో అంటే తక్కువ) అని ఉంటే మోడర్న్ స్టాండ్‌బై. రాత్రిళ్లకు, ప్రయాణాలకు హైబర్నేట్ వాడండి.
- హైబర్నేట్ అన్న మాట కింది భాగంలో ఉంటే దాన్ని ఇంకా ఆన్ చేయలేదన్నమాట. అయిదో అంకె చూడండి.

3. ఒక రాత్రి కొలవండి

ఎవరో చెప్పిన శాతాలు మీ ల్యాప్‌టాప్‌కు సరిపోవు. బ్యాటరీ వయసు, డ్రైవర్లు (పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాములు), నెట్ కనెక్షన్ బట్టి మారిపోతుంది. మీరే కొలవండి.

- పడుకునే ముందు ఛార్జర్ తీసేయండి. శాతం, టైమ్ కాగితం మీద రాయండి.
- స్టార్ట్ మెనూ నుంచి స్లీప్ నొక్కి, మూత వేయండి.
- పొద్దున తెరిచిన వెంటనే శాతం రాయండి.

ఎనిమిది గంటల్లో నాలుగైదు శాతం తగ్గితే మీ స్లీప్ బాగున్నట్టే. పది దాటితే రాత్రిళ్లు స్లీప్‌లో వదలొద్దు. ఇరవై, ముప్పై తగ్గితే రాత్రంతా లోపల ఏదో మెషీన్‌ను మేల్కొల్పుతోంది. దాని సంగతి తొమ్మిదో అంకెలో ఉంది.

మా చెల్లెలు ఒకసారి విశాఖ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తూ ల్యాప్‌టాప్ మూత వేసి, బ్యాగు జిప్ పెట్టి, తలకింద పెట్టుకుని పడుకుంది. తెల్లవారుజామున తల కింద వెచ్చగా తగిలి లేచింది. జిప్ తీస్తే లోపల ఫ్యాన్ గుయ్‌మంటూ తిరుగుతోంది, అడుగుభాగం మీద చెయ్యి పెట్టలేనంత వేడి. సాయంత్రం 80 పైన ఉన్న ఛార్జింగ్ 9కి వచ్చింది. ఆ రోజే దాని మూత సెట్టింగ్ మార్చాను. మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

4. ఏది ఎప్పుడు

రెండు ప్రశ్నలు వేసుకోండి. మళ్లీ ఎంతసేపటికి కూర్చుంటాను? ఈలోపు కరెంటు ఉంటుందన్న నమ్మకం ఉందా?

- టీకి, మీటింగ్‌కు, భోజనానికి లేస్తున్నారు, గంటా రెండు గంటల్లో వస్తారు: స్లీప్.
- రాత్రికి మూసేస్తున్నారు, పొద్దున ఇదే పని కొనసాగించాలి: హైబర్నేట్.
- బ్యాగులో పెడుతున్నారు, అది బస్సయినా రైలయినా పక్క వీధి ఆఫీసయినా: హైబర్నేట్.
- ఆఫీసు ఫైళ్లున్న ల్యాప్‌టాప్ పోయే ప్రమాదం ఉన్నచోటు: హైబర్నేట్. స్లీప్‌లో డిస్క్ లాక్ తీసే తాళంచెవి ర్యామ్‌లోనే ఉంటుంది. హైబర్నేట్‌లో ఉండదు. ఈ లాభం విండోస్‌లోని బిట్‌లాకర్ లాంటి ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని ఫైళ్లకు తాళం వేసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటేనే.
- వారం పది రోజులు ముట్టుకోరు, పనేమీ తెరిచి లేదు: షట్‌డౌన్.
- విమానంలో చెక్-ఇన్ లగేజీలో వేస్తున్నారు: షట్‌డౌన్ మాత్రమే.

చివరిదాని గురించి ఒక మాట. చెక్-ఇన్ బ్యాగులో పెట్టే ఎలక్ట్రానిక్ పరికరం పూర్తిగా ఆఫ్‌లో ఉండాలనీ, స్లీప్‌లో గానీ హైబర్నేట్‌లో గానీ ఉండకూడదనీ విమాన ప్రయాణ నిబంధన. అమెరికా నుంచి పిల్లలు వచ్చేటప్పుడు పాత ల్యాప్‌టాప్ సూట్‌కేసులో పడేసి తెస్తుంటారు, వాళ్లకు ఈ సంగతి చెప్పండి. వీలైతే చేతి బ్యాగులోనే తెచ్చుకోమనండి.

5. హైబర్నేట్‌ను మెనూలోకి తేవడం

చాలా విండోస్ మెషీన్లలో పవర్ మెనూలో స్లీప్, షట్‌డౌన్, రీస్టార్ట్ మాత్రమే కనిపిస్తాయి. హైబర్నేట్ ఉంటుంది గానీ దాచి ఉంటుంది.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి:

- సీ డ్రైవ్‌లో ఖాళీ జాగా. హైబర్నేట్ ఫైల్ మామూలుగా ర్యామ్‌లో 40 శాతం సైజు తీసుకుంటుంది. 8 జీబీ ర్యామ్‌కు 3.2 జీబీ, 16 జీబీకి 6.4 జీబీ. అంతకు రెట్టింపు ఖాళీ ఉంటే నిశ్చింత.
- అడ్మిన్ హక్కులు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లు ఆపి ఉంచి ఉండొచ్చు, వాళ్లనే అడగండి.
- తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసి ఉండాలి.

ఇక వరుస:

- అడ్మిన్ టెర్మినల్‌లో పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆన్ అని ఇవ్వండి. ఏ సందేశమూ రాకపోతే పని జరిగినట్టే.
- కంట్రోల్ ప్యానెల్ తెరిచి హార్డ్‌వేర్ అండ్ సౌండ్, అందులో పవర్ ఆప్షన్స్.
- ఎడమవైపు చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ.
- పైన చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్ అన్న లింక్ నొక్కండి. ఇది నొక్కకపోతే కింద పెట్టెలు బూడిద రంగులోనే ఉండిపోతాయి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.
- హైబర్నేట్ దగ్గర టిక్ పెట్టి సేవ్ చేంజెస్.

ఆన్ చేసినా మెనూలో రాకపోతే హైబర్నేట్ ఫైల్ కుదించిన రకంలో ఉండి ఉండొచ్చు. ఆ రకం ఫాస్ట్ స్టార్టప్‌కు, అంటే షట్‌డౌన్ తర్వాత విండోస్ త్వరగా తెరుచుకునే ఏర్పాటుకు మాత్రమే సరిపోతుంది. పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ /టైప్ ఫుల్ అని ఇచ్చి మళ్లీ చూడండి.

ఎస్ఎస్‌డీ అరిగిపోతుందని భయపడి హైబర్నేట్ ఆపేసేవాళ్లున్నారు. లెక్క వేసి చూద్దాం. ఒక్కోసారి 6 జీబీ చొప్పున రోజుకు రెండుసార్లు రాసినా ఏడాదికి సుమారు 4.4 టీబీ. మామూలు 500 జీబీ ఎస్ఎస్‌డీలకే కంపెనీలు 150 టీబీ నుంచి 300 టీబీ దాకా రాతలకు హామీ ఇస్తున్నాయి. ఆ తక్కువ అంకె తీసుకున్నా ముప్పై ఏళ్ల పైమాటే. ఈ భయం వదిలేయండి.

6. మూత, బటన్, టైమర్లు

నేను అందరికీ పెట్టించే అమరిక ఒకటే: మొదట స్లీప్, కొంతసేపటికి దానంతట అదే హైబర్నేట్. మీరు మరిచిపోయినా మెషీన్ మరిచిపోదు. కాసేపట్లో తిరిగొస్తే వెంటనే లేస్తుంది, రాకపోతే బ్యాటరీ మిగులుతుంది.

మూత, బటన్ల సెట్టింగ్ పైన చెప్పిన పవర్ బటన్స్ పేజీలోనే ఉంటుంది. రెండు నిలువు వరుసలు కనిపిస్తాయి, ఒకటి బ్యాటరీ మీద ఉన్నప్పటికి, ఒకటి ఛార్జర్ ఉన్నప్పటికి. ఇలా పెట్టండి:

- పవర్ బటన్ నొక్కితే: రెండింటికీ హైబర్నేట్.
- మూత వేస్తే, బ్యాటరీ మీద: ఎస్3 రకమైతే స్లీప్, మోడర్న్ స్టాండ్‌బై అయితే హైబర్నేట్.
- మూత వేస్తే, ఛార్జర్ ఉంటే: స్లీప్. బయట మానిటర్ పెట్టి మూత మూసి పనిచేసేవాళ్లు ఏమీ చేయొద్దు అన్నది ఎంచుకోండి. కానీ బ్యాగులో పెట్టే రోజు బటన్ నొక్కి హైబర్నేట్ చేశాకే పెట్టాలి.

టైమర్ కోసం స్టార్ట్‌లో ఎడిట్ పవర్ ప్లాన్ అని వెతికి తెరవండి. చేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్ నొక్కి, స్లీప్ అన్న కొమ్మ విప్పండి.

- స్లీప్ ఆఫ్టర్: బ్యాటరీ మీద 15 నిమిషాలు, ఛార్జర్ ఉంటే 30.
- హైబర్నేట్ ఆఫ్టర్: బ్యాటరీ మీద 60 నిమిషాలు, ఛార్జర్ ఉంటే 180.
- అలో వేక్ టైమర్స్ (ముందే పెట్టుకున్న పనుల కోసం మెషీన్ తనంతట లేవడం): బ్యాటరీ మీద డిసేబుల్.

విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఈ టైమర్లలో కొన్ని సెట్టింగ్స్‌లోని సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ పేజీకి మారాయి. అడ్వాన్స్‌డ్ పెట్టెలో కనిపించకపోతే అక్కడ చూడండి.

అదే పెట్టెలో బ్యాటరీ అన్న కొమ్మ కూడా విప్పండి. క్రిటికల్ బ్యాటరీ యాక్షన్ దగ్గర హైబర్నేట్ ఉండాలి. క్రిటికల్ బ్యాటరీ లెవెల్ తరచుగా 5 శాతం దగ్గర ఉంటుంది. మూడు నాలుగేళ్లు వాడిన బ్యాటరీ 12 చూపిస్తూ చూపిస్తూనే ఒక్కోసారి గబుక్కున ఆగిపోతుంది. ర్యామ్‌ను డిస్క్‌లోకి రాసే టైమ్ కూడా ఇవ్వదు. అలాంటివాటికి 15 పెట్టండి. ఈ ఒక్క మార్పుతో ఎంతోమంది పని నిలబడింది.

7. వెంటనే పరీక్షించండి

సెట్టింగ్ మార్చి ఊరుకుంటే అసలు రోజున దెబ్బతింటారు.

- నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు మాటలు రాయండి. సేవ్ చేయకండి. మిగతా పనులన్నీ సేవ్ చేసి ఉండాలి.
- పవర్ బటన్ నొక్కండి. తెర ఆరుతుంది, డిస్క్ లైటు ఉంటే కాసేపు మినుకుమంటుంది.
- పవర్ లైటు పూర్తిగా ఆరే దాకా ఆగండి. చాలా ల్యాప్‌టాప్‌లలో స్లీప్ అయితే లైటు మెల్లగా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, హైబర్నేట్ అయితే అసలు ఉండదు.
- ఛార్జర్ పీకేయండి. పది నిమిషాల తర్వాత ఆన్ చేయండి.
- నోట్‌ప్యాడ్‌లో ఆ నాలుగు మాటలు కనిపించాలి.

వైఫై, సౌండ్, బ్లూటూత్ మౌస్ పనిచేస్తున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. ఆఫీసు వీపీఎన్, రిమోట్ లాగిన్ తెగిపోవడం మాత్రం తప్పు కాదు, మళ్లీ కలపాలి.

8. డెస్క్‌టాప్, ఇన్వర్టర్, కరెంటు కోతలు

డెస్క్‌టాప్‌కు బ్యాటరీ లేదు. స్లీప్‌లో ఉండగా కరెంటు పోతే సేవ్ చేయనిది పోయినట్టే. వేసవి మధ్యాహ్నాలు కోతలు ఉండే ఊళ్లలో ఇది తరచూ జరిగేదే.

దీనికోసమే హైబ్రిడ్ స్లీప్ ఉంది. అది డిస్క్‌లోకి కూడా రాసి స్లీప్‌లోకి వెళ్తుంది. కరెంటు ఉంటే సెకన్లలో లేస్తుంది, పోయి వస్తే డిస్క్ నుంచి లేస్తుంది. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో స్లీప్ కొమ్మ కింద అలో హైబ్రిడ్ స్లీప్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఎస్3 ఉన్న మెషీన్లలోనే ఇది కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌కు దీని అవసరం లేదు.

ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనకో ముందో ఉండే చిన్న స్విచ్ చూసుకోండి. చాలావాటికి ఎకో మోడ్, యూపీఎస్ మోడ్ అని రెండు ఉంటాయి. ఎకోలో ఉంటే కరెంటు మారే క్షణంలో ఫ్యాన్లు, లైట్లు తట్టుకుంటాయి గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి.

9. తరచూ వచ్చే ఇబ్బందులు, సవరణలు

తనంతట తానే లేస్తోంది. లేచిన వెంటనే పవర్‌సీఎఫ్‌జీ /లాస్ట్‌వేక్ ఇవ్వండి, చివరిసారి ఏది లేపిందో చాలాసార్లు దొరుకుతుంది. మౌస్ గానీ నెట్‌వర్క్ కార్డు గానీ అయితే డివైస్ మేనేజర్‌లో దాని మీద డబుల్ క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్‌ను లేపడానికి అనుమతించే టిక్ తీసేయండి. కీబోర్డ్ టిక్ ఉంచండి. ముందే పెట్టుకున్న పని లేపుతుంటే /వేక్‌టైమర్స్ ఆదేశం చెబుతుంది.

అసలు స్లీప్‌లోకే వెళ్లడం లేదు. పవర్‌సీఎఫ్‌జీ /రిక్వెస్ట్స్ ఇస్తే ఏ ప్రోగ్రామ్ అడ్డుపడుతోందో కనిపిస్తుంది. పాట ఆగకుండా మోగుతున్న బ్రౌజర్ ట్యాబ్, మీటింగ్ యాప్ ఎక్కువగా దోషులు. విండోస్ కొత్తగా వేసిన మెషీన్ అయితే అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ పడిందో లేదో చూడండి. విండోస్ తనతో తెచ్చుకునే బేసిక్ డిస్‌ప్లే డ్రైవర్ మీద నడుస్తుంటే స్లీప్ పనిచేయదు.

లేపితే నల్ల తెరే. ముందు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. అప్పటికీ రాకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఆపి, ఆన్ చేయండి. మళ్లీ మళ్లీ జరిగితే ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి గ్రాఫిక్స్ డ్రైవర్, బయోస్ (మెషీన్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) కొత్తవి వేయండి.

లైటు ఆరకముందే బ్యాగులో పెట్టడం. డిస్క్‌లోకి రాయడం ఇంకా పూర్తికాలేదు. పాత హార్డ్ డిస్క్ అయితే తిరుగుతూనే ఉంటుంది, ఆ కుదుపు దానికి మంచిది కాదు. అర నిమిషం ఆగండి.

హైబర్నేట్‌లో ఉండగా పెన్‌డ్రైవ్, బయటి డిస్క్ పీకడం. దాన్ని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి ఫైళ్లు మార్చి తెచ్చి తగిలిస్తే, లేచిన విండోస్ పాత లెక్కతోనే రాస్తుంది. ఫైళ్లు పాడవుతాయి. ముందు ఎజెక్ట్ చేసి తీశాకే హైబర్నేట్ చేయండి. ర్యామ్ మార్చాలన్నా హైబర్నేట్‌లో ఉండగా మార్చొద్దు.

ఒకే మెషీన్‌లో విండోస్, లినక్స్ రెండూ. విండోస్‌ను హైబర్నేట్ చేసి, లినక్స్‌లోకి వెళ్లి విండోస్ డ్రైవ్‌లో ఏమీ రాయకండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్ చేసినా ఇదే ప్రమాదం, ఎందుకంటే అది కూడా విండోస్ కెర్నెల్‌ను, అంటే దాని ప్రధాన భాగాన్ని హైబర్నేట్ ఫైల్‌లోనే దాస్తుంది. రెండూ వాడేవాళ్లు ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి.

నెలల తరబడి రీస్టార్ట్ లేకపోవడం. హైబర్నేట్ నుంచి లేస్తే అంతకుముందు ఉన్న చిక్కులూ అలాగే లేస్తాయి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర అప్ టైమ్ చూడండి. వారం దాటితే రీస్టార్ట్ నొక్కండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే చాలదు, ఫాస్ట్ స్టార్టప్ వల్ల ఆ లెక్క సున్నాకు రాదు. పూర్తి షట్‌డౌనే కావాలంటే షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాలి. పైన చెప్పిన విమానం బ్యాగుకు ఇలాగే చేయండి.

10. మ్యాక్, లినక్స్

మ్యాక్‌బుక్‌లో విడిగా హైబర్నేట్ బటన్ ఉండదు. మూత వేస్తే స్లీప్‌లోకి వెళ్తూ ర్యామ్ నకలు డిస్క్‌లో పెట్టుకునే ఏర్పాటు అందులోనే ఉంది. బ్యాటరీ అడుగంటినా పని దొరుకుతుంది. సెట్టింగ్‌లను కదపాల్సిన అవసరం నాకైతే కనిపించలేదు.

ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేసినప్పుడు హైబర్నేట్ ఆఫ్‌లోనే ఉంటుంది. వాడాలంటే ర్యామ్‌కు సరిపడా స్వాప్ జాగా (ర్యామ్‌లోనిది డిస్క్‌లో దాచుకునే చోటు) కేటాయించి, లేచేటప్పుడు ఎక్కడి నుంచి చదవాలో బూట్ సెట్టింగ్‌లో చెప్పాలి. సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న సాఫ్ట్‌వేర్‌నే మొదలుకానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే కెర్నెల్ దీన్ని అనుమతించకపోవచ్చు. అంత పని పెట్టుకోవడం ఇష్టం లేకపోతే రాత్రికి షట్‌డౌన్ చేయండి, బ్రౌజర్‌లో పాత ట్యాబులు మళ్లీ తెరిచే సెట్టింగ్ ఆన్ చేసుకోండి.